మాస్టారి గొంతు తగ్గితేనే బడిలో గోల తగ్గుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో బడి ఎక్కడుందో కొత్తవారు దారి అడగనక్కర లేదు. పిల్లల గోల, దాన్ని మించి "నిశ్శబ్దం!" అన్న మాస్టారి కేక వీధి మొదట్లోనే వినిపిస్తాయి. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చునే చోట ఒకరికి ఎక్కాలు, ఒకరికి పద్యం, మరొకరికి లెక్కలు ఒకేసారి నడవాలి. రేకుల కప్పు మీద వాన పడిందంటే ఎవరి మాట ఎవరికీ వినిపించదు. సాయంత్రానికి మాస్టారి గొంతు బొంగురుపోతుంది. వెనుక వరుసలోని పిల్లవాడికి పాఠం అందకుండానే పోతుంది.

గోలకు గోల మందు కాదు

చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు లొంబార్డ్ 1911లో ఈ సంగతి వెల్లడించాడు. సంతలో పక్కనున్నవాడితో కూడా అరిచి మాట్లాడేది ఇందుకే. బడిలోనూ అంతే. మాస్టారు అరిస్తే పిల్లలు అంతకు మించి అరుస్తారు.

నష్టపోయేది మాత్రం మాస్టారి గొంతే. మాట్లాడేటప్పుడు స్వరతంతువులు మగవారిలో సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారిలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. అరిచినప్పుడు ఇవి మరింత గట్టిగా ఒరుసుకుంటాయి. ఏళ్ల తరబడి ఇలా సాగితే వాటి మీద చిన్న బుడిపెలు లేస్తాయి. ఉపాధ్యాయినులలో ఈ బాధ ఎక్కువ.

హరికథ నేర్పే పాఠం

మైకులు లేని రోజుల్లోనే వందల మందిని కూర్చోబెట్టి కథ చెప్పిన గడ్డ ఇది. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథా పితామహుడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. హరికథకుడు కథంతా ఒకే గొంతుతో చెప్పడు. ఒకచోట పాడతాడు, ఒకచోట మామూలుగా మాట్లాడతాడు, అసలు ఘట్టం వచ్చినప్పుడు ఆగుతాడు. ఆ ఆగడంలోనే జనం చెవులు రిక్కిస్తారు.

మాస్టార్లకు పనికొచ్చే కిటుకులూ ఇవే. పాఠం మొదలుపెట్టే ముందు ఒకేచోట నిలబడి, పిల్లల వైపు చూస్తూ కాసేపు ఊరుకోవాలి. మొదటి మాట మెల్లగా అనాలి. గోల మితిమీరితే కేక వేయకుండా గంట కొట్టాలి, లేదా లయగా చప్పట్లు చరచి పిల్లల చేత బదులు చరిపించాలి. అల్లరి చేసే పిల్లవాడిని దూరం నుంచి కేకలు వేసేకంటే దగ్గరికి వెళ్లి పేరు పెట్టి పిలవడం మేలు. నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ మాట్లాడకూడదు. ఒక తరగతి వల్లె వేస్తుంటే రెండో తరగతికి రాతపని ఇవ్వాలి. ఊపిరి పొట్ట నిండా తీసుకుని మాట్లాడాలి. మధ్యమధ్య మంచినీళ్లు తాగాలి.

భాష తెలియక చేసే అల్లరి

సీతంపేట, కురుపాం వైపు గిరిజన గూడేల్లో గోలకు మరో కారణం ఉంది. ఇంట్లో సవర మాట్లాడే పిల్లవాడికి పుస్తకంలోని తెలుగు అర్థం కాక దిక్కులు చూస్తాడు, పక్కవాడిని గిల్లుతాడు. శ్రీముఖలింగం ప్రాంతంలో పుట్టి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. తానే సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. పిల్లవాడి భాషలో నాలుగు మాటలు నేర్చుకున్న మాస్టారికి కేకతో అంత పని ఉండదు.

ఊరి వంతు

"నాలుగు తగిలించండి మాస్టారూ" అనే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని అదే చట్టం చెబుతోంది. ఇద్దరూ లేని చోట అడగవలసినది గ్రామస్తులే. బడివేళల్లో గుడి మైకు కట్టించడం, నూర్పిడి యంత్రాన్ని బడికి దూరంగా పెట్టించడం కూడా ఊరి చేతిలోని పనులే.

గొంతు మూడు వారాలు దాటినా బాగుపడకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టుకోక చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించుకోవాలి. పిల్లలు అక్షరం నేర్చేది ఆ గొంతు వినే గనుక దాన్ని కాపాడుకోవడం మాస్టారికీ, ఊరికీ అవసరం.