కోర్టు సాక్షికి బత్తా ఎవరిస్తారు?

ఊళ్లో కొట్లాట జరిగితే చూసినవాళ్లు పదిమంది ఉంటారు. పోలీసులు వచ్చేసరికి ఒక్కరూ కనిపించరు. ‘‘నేను చేలో ఉన్నాను, నాకేం తెలీదు’’ అంటారు. దీనికి భయం ఒక్కటే కారణం కాదు. సాక్షిగా పేరు ఇచ్చినవాడు కూలి మానుకుని, తెల్లవారుజామున బస్సెక్కి, సాయంత్రం దాకా కోర్టు ఆవరణలో చెట్టు కింద పడిగాపులు కాసి, ‘‘వాయిదా పడింది’’ అన్న కబురు విని తిరిగి రావాలి. చార్జీలు, పూట భోజనం తన జేబులోంచే.

నిజానికి ఈ ఖర్చు అతడు పెట్టుకోవలసింది కాదు. క్రిమినల్ కేసుల్లో ఫిర్యాదికి, సాక్షులకు సమంజసమైన ఖర్చులు ప్రభుత్వం నుంచి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 312వ సెక్షన్. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 350వ సెక్షన్. రాష్ట్ర ప్రభుత్వ నిబంధనలకు లోబడి ఇస్తారు. అయితే ‘‘ఇప్పించవచ్చు’’ అని ఉంది గాని ‘‘ఇప్పించాలి’’ అని లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సివిల్ దావాల్లో పద్ధతి వేరు. సాక్షిని పిలిపించుకునే కక్షిదారు దారిఖర్చులు, బత్తా కోర్టులో కట్టాలి. గట్టు తగాదా సాక్షికి ముందే ఏర్పాటు ఉండి, హత్యకేసు సాక్షి చేయి చాచవలసి రావడం విడ్డూరమే!

సాక్షులకు బత్తా కూడా సకాలంలో అందడం లేదని, ఊరికే తిప్పి పంపడం వేధింపేనని 2000లో స్వరణ్ సింగ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టే అన్నది. సాక్షుల భత్యాల సంగతి 2003లో మలిమత్ కమిటీ కూడా ఎత్తిచూపింది.

బత్తా ఇస్తే ఖజానాకు భారం కాదా అనేవారున్నారు. అసలు భారం వాయిదాల్లో ఉంది. ఒక కేసుకు నలుగురు సాక్షులనుకుందాం. మూడుసార్లు ఊరికే తిరిగితే పన్నెండు రానుపోను చార్జీలు. ఒక్క సాక్ష్యమూ నమోదు కాదు. సాక్షులు హాజరై ఉండగా, ప్రత్యేక కారణం రాతపూర్వకంగా చూపకుండా వాయిదా వేయరాదని కొత్త చట్టం 346వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలోనూ ఈ మాట ఉంది. వాయిదా కోరిన పక్షం చేత ఖర్చులు కట్టించే వీలూ ఉంది. ఈ వీలును గట్టిగా వాడితే ప్రభుత్వ సొమ్ము సగం మిగిలేటట్టే తోస్తుంది.

సమన్లు అందినవారు బస్సు టికెట్లు పారవేయవద్దు. సాక్ష్యం అయినా, వాయిదా పడినా, సమన్ల కాగితం చూపి ప్రాసిక్యూటర్ ద్వారా బత్తా అడగాలి. అడగడానికి మొగమాటం అక్కరలేదు. ప్రభుత్వోద్యోగులు హాజరు సర్టిఫికెట్ తీసుకుని తమ ఆఫీసులో చూపుకుంటూనే ఉన్నారు గదా.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. దర్యాప్తు సమయంలో ఆడవారిని, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన మగవారిని, వికలాంగులను, తీవ్రంగా జబ్బు పడ్డవారిని వాంగ్మూలం కోసం స్టేషన్‌కు రమ్మనరాదు. తమంతట తాము వస్తామంటే తప్ప, పోలీసులే ఇంటికి రావాలి. అది 179వ సెక్షన్.