ఏటీ టైర్లు: షాపులో చెప్పేవీ, చెప్పనివీ

తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ 2016లో మార్కెట్లోకి వచ్చింది. టొయోటా హైలక్స్ 2022లో వచ్చింది. ఈ బళ్ళు కొన్నవాళ్ళలో చాలామంది కంపెనీ టైర్లు సగం కూడా అరగకముందే ఏటీ టైర్ల ధరలు కనుక్కోవడం మొదలుపెడతారు. (మన ఊళ్ళలో పికప్ అంటే టమాటా ట్రేలు మోసే బొలెరో. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు గానీ, సగం మాటలు దానికీ పనికొస్తాయి.) ఏటీ అంటే ఆల్ టెరైన్: తారు రోడ్డు మీదా, మట్టి బాటలోనూ, కంకర మీదా ఎంతోకొంత పనిచేసేలా చేసిన టైరు. ఏ కంపెనీది కొనాలి, ఎంతకి దిగుతాడు అని వారాల తరబడి ఆరా తీస్తాం. తీరా బిగించేటప్పుడు మాత్రం టీ తాగుతూ ఫోను చూసుకుంటాం. తర్వాత స్టీరింగ్ వణుకుతోందనీ, బండి గుంజుతోందనీ, టైరు బాగోలేదనీ వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఆ టీ తాగిన అరగంటలో పుట్టినవే.

“ఒక సైజు పెద్దది వేస్తే లుక్కు పెరుగుతుంది, పోయేదేం లేదు”

పోయేదేమిటో లెక్క వేసి చూద్దాం. 255/65 ఆర్17 అని రాసి ఉంటే, 255 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, 17 అంటే రిమ్ము అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు. దాని బదులు 265/70 ఆర్17 వేస్తే ఎత్తు 803 దగ్గరికి వెళ్తుంది, అంటే అయిదు శాతం పెరిగింది. గ్రౌండ్ క్లియరెన్స్ మాత్రం అందులో సగమే పెరుగుతుంది, ఇరవై మిల్లీమీటర్లు. ఎందుకంటే మిగతా సగం హబ్బుకు పైన ఉంటుంది. ఇక మీటరు 100 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 105 దగ్గర పోవచ్చు. కిలోమీటర్ల రీడింగు తక్కువ పడుతుంది కాబట్టి, ఆ రీడింగుతో లెక్కేసిన మైలేజీ నిజంగా తగ్గినదానికంటే ఎక్కువ తగ్గినట్టు కనిపిస్తుంది. గేర్లన్నీ కాస్త పొడవైనట్టయి, ఘాటులో లోడుతో ఎక్కేటప్పుడు ఇంజను బరువుగా లాగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో షాపులో నిలబెట్టి చూస్తే సరిపోదు, గుంతలో సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు చూడాలి.

255/60 ఆర్18 టైరు ఎత్తు కూడా లెక్కకు 763 మిల్లీమీటర్లే వస్తుంది. పెద్ద రిమ్ము వేసేటప్పుడు పక్కగోడ తగ్గించి ఎత్తును అక్కడే ఉంచడం పద్ధతి. ఆ పద్ధతి పాటించకుండా “అందరూ వేస్తున్నారు సార్” అనే షాపువాడి మాట పాటించడం మన ఇష్టం.

“ఎల్టీ అని ఉంటే ఇంకా గట్టిది, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు”

ఎల్టీ అంటే లైట్ ట్రక్ కోసం చేసిన టైరు. పొరలు ఎక్కువ, పక్కగోడ దిట్టం, రాళ్ళకు త్వరగా కోసుకుపోదు. ఇదంతా నిజమే. అయితే మామూలు టైరు మోసే బరువే ఎల్టీ టైరు మొయ్యాలంటే అందులో గాలి ఎక్కువ ఉండాలి. పాత టైరుకు కొట్టించినంతే దీనికీ కొట్టించి ట్రాలీ నింపితే, గట్టి టైరు కొన్నామన్న భరోసాతో తక్కువ గాలి టైరు మీద పోతున్నట్టు. మరోపక్క ఖాళీ ట్రాలీతో ఎక్కువ గాలి పెట్టుకుని తిరిగితే వెనక పట్టీలు ఎగిరెగిరి పడతాయి, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు తిట్టుకుంటారు.

కొనేముందు చూడాల్సింది లోడ్ ఇండెక్స్. సైజు పక్కన 112 అని ఉంటే ఆ టైరు 1120 కిలోలు మోస్తుంది, 115 అయితే 1215. తర్వాతి అక్షరం వేగానికి గుర్తు: ఎస్ అంటే 180 కిలోమీటర్లు, టీ అంటే 190. కంపెనీ టైరు మీద ఉన్న అంకెకు తగ్గకుండా చూసుకుంటే చాలు.

“టైరు మీద రాసి ఉన్నంత గాలి కొట్టించాలి”

టైరు మీద ఉన్నది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పరిమితి. కొన్ని ఎల్టీ టైర్ల మీద 80 పీఎస్ఐ అని ఉంటుంది. అది చూసి నిజంగానే 80 కొట్టించినవాళ్ళు ఉన్నారు. మీ బండికి ఎంత కావాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది, ముందుకి వేరు, వెనక్కి వేరు, లోడుతో వేరు. అది కంపెనీ ఇచ్చిన టైరుకు రాసింది కాబట్టి, వేరే రకం వేస్తే టైరు కంపెనీ ఇచ్చే లోడు పట్టిక చూసి సరిచేసుకోవాలి. గాలి చూడాల్సింది బండి కదలకముందు, పొద్దున్నే. మే నెలలో మధ్యాహ్నం హైవే దిగి చూస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువే కనిపిస్తుంది. పెరిగింది కదా అని తీయించారంటే, మర్నాడు పొద్దుటికి టైరులో గాలి తక్కువ.

“అలైన్‌మెంట్ చేయించాం, ఇక బ్యాలెన్సింగ్ ఎందుకు?”

రెండూ వేర్వేరు పనులు. చక్రాలు ఏ దిక్కుకు చూస్తున్నాయో సరిచేసేది అలైన్‌మెంట్. అది తప్పితే బండి ఒక పక్కకు గుంజుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా లేదా చూసేది బ్యాలెన్సింగ్. అది తప్పితే 80 దాటాక వణుకు మొదలై, ఇంకాస్త వేగంలో ఎక్కువై, ఒక్కోసారి 110 దాటాక తగ్గిపోతుంది కూడా. స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి. ఏటీ టైరుకు బ్యాలెన్సింగ్ ఇంకా అవసరం. బటన్లు (నేలను పట్టే రబ్బరు దిమ్మెలు) పెద్దవి, రబ్బరు ఎక్కువ, టైరు బరువూ ఎక్కువ. చిన్న తేడా కూడా చేతికి తెలుస్తుంది.

మిషన్ దగ్గర నిలబడి చూడండి. ముందు రిమ్ము మీదున్న పాత వెయిట్లన్నీ పీకాలి. పాతవి ఉంచేసి వాటి పైన కొత్తవి అంటించే కుర్రాళ్ళున్నారు. రిమ్ము లోపలి అంచు, హబ్బు రంధ్రం గుడ్డతో తుడవాలి. తర్వాత చక్రాన్ని షాఫ్టుకు ఎక్కించి, రంధ్రానికి సరిపోయే కోను పెట్టి బిగిస్తారు. మిషన్‌కు మూడు కొలతలు ఇస్తారు: రిమ్ము ఎంత దూరంలో ఉంది, వ్యాసం ఎంత, వెడల్పు ఎంత. ఇందులో ఒక్కటి తప్పు కొట్టినా తెర మీద వచ్చే అంకె తప్పే. చక్రం గిర్రున తిరిగి ఆగాక లోపలి పక్కకి 35, బయటి పక్కకి 20 అని వస్తుంది, గ్రాముల్లో. లైటు వెలిగిన చోట వెయిట్లు అంటించి మళ్ళీ తిప్పుతాడు. రెండు వైపులా సున్నాలు వస్తాయి. “అయిపోయింది సార్.”

ఆ సున్నా నిజమైనదో కాదో తేల్చే ఉపాయం ఒకటుంది, రెండు నిమిషాల పని. బిగింపు వదులు చేసి, షాఫ్టు కదలకుండా పట్టుకుని చక్రాన్ని మాత్రం అర చుట్టు తిప్పి, మళ్ళీ బిగించి తిప్పమనండి. ఒక అయిదు గ్రాములు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. సున్నా కాస్తా ఇరవైయ్యో ముప్పైయ్యో అయితే చక్రం షాఫ్టు మీద మధ్యలో కూర్చోలేదన్నమాట. కోను మార్చి మొదటినుంచీ చెయ్యాలి. ఈ మాట అడిగితే షాపువాడు కాస్త చిరాకుపడతాడు. పడనివ్వండి.

టైరు వాల్వుకు క్యాపులా పెట్టే ప్రెషర్ సెన్సర్లు కొన్నవాళ్ళు అవి పెట్టాకే బ్యాలెన్సింగ్ చేయించాలి. వాటి బరువూ గ్రాముల్లోనే ఉంటుంది మరి.

“సున్నా వచ్చాక కూడా వణుకుతోందంటే టైరు పాడైందే”

పాడయ్యే ఉండొచ్చు, కాకపోనూవచ్చు. మామూలు మిషన్ మీద చక్రం గాల్లో తిరుగుతుంది, దాని మీద బండి బరువు ఉండదు. టైరులో ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉంటే, లేదా రిమ్ము కాస్త వంకర అయితే, బరువు సరిపోయినా రోడ్డు మీద ఎగురుతూనే ఉంటుంది. టైరు మీద రోలరు నొక్కిపెట్టి కొలిచే రోడ్ ఫోర్స్ మిషన్లు దీనికోసమే వచ్చాయి. అది దగ్గర్లో లేకపోతే పాత చిట్కా ఒకటుంది: గాలి తీసి, టైరును రిమ్ము మీద అర చుట్టు జరిపి, మళ్ళీ బ్యాలెన్సింగ్ చేయించడం. టైరులోని ఎత్తు రిమ్ములోని పల్లంతో కలిస్తే చాలాసార్లు వణుకు పోతుంది.

కొత్త టైరు మీద కనిపించే చుక్కలు చెప్పేదీ ఇదే. చిన్నపిల్లల్లాగా గోటితో గీకేస్తారు కొందరు. పసుపు చుక్క టైరులో తేలికైన చోటుకు గుర్తు. దాన్ని వాల్వు పక్కనే ఉండేలా పెడితే వెయిట్లు తక్కువ పడతాయి. ఎర్ర చుక్క ఎత్తైన చోటు. రిమ్ము మీద పల్లానికి గుర్తు ఉంటే దాని పక్కనే ఉండేలా పెట్టాలి. రెండు చుక్కలూ ఉండి, రిమ్ము మీద గుర్తూ ఉంటే ఎర్రదానికే ప్రాధాన్యం. అన్ని టైర్లకూ చుక్కలుండవు, లేనంత మాత్రాన నకిలీ కాదు.

“బీడింగ్ కూర్చోకపోతే ఇంకాస్త గాలి కొడితే సరి”

ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. టైరు అంచు రిమ్ములోకి టప్పున కూర్చోవాలి, నిజమే. దానికి కావాల్సింది ఎక్కువ గాలి కాదు, శుభ్రమైన రిమ్ము, టైరు అంచుకు రాసే సబ్బు పేస్టు. 40 పీఎస్ఐ దాటించవద్దని చాలా టైర్ల పక్కగోడ మీదే రాసి ఉంటుంది. దాటించినప్పుడు టైరు అంచులోని తీగ తెగితే పక్కన నిలబడ్డ మనిషి ప్రాణాలకే ముప్పు. సబ్బుకు బదులు గ్రీజూ డీజిలూ రాస్తే రబ్బరు పాడవుతుంది. పెట్రోలు చల్లి నిప్పంటించి టైరు ఎక్కించే వీడియోలు చూసి ముచ్చటపడే షాపు కనిపిస్తే, తాళం తీసుకుని బయటికొచ్చేయండి.

“గన్నుతో బిగిస్తే ఇక ఊడదు”

ఊడదు, దారిలో పంక్చరైతే మీకూ ఊడిరాదు. అతిగా బిగిస్తే బోల్టు సాగుతుంది, బ్రేక్ డిస్కు వంకరపోయి బ్రేకు తొక్కినప్పుడల్లా వణుకు వస్తుంది. దానికి మళ్ళీ బ్యాలెన్సింగ్‌నే తప్పుపడతారు. ఆరు నట్లనూ ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా బిగించి, చివర టార్క్ రెంచితో బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకు ఆపాలి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడాలి. ఈ రెండో బిగింపు సంగతి షాపులో సామాన్యంగా ఎవరూ చెప్పరు.

మిగతావి గబగబా. నైట్రోజన్ కొట్టించుకుంటే తప్పేం లేదు, కానీ మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పక్కగోడ మీద చివరి నాలుగంకెలు 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. కొన్ని నెలలు గోడౌన్‌లో నీడన ఉన్నంత మాత్రాన టైరు పాతబడదు. రెండు టైర్లే కొంటే కొత్తవి ముందు కాదు, వెనక వెయ్యాలి. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండిని అదుపు చెయ్యడం కష్టం. ఇక ఫోర్ బై ఫోర్ వాడేవాళ్ళు నాలుగూ ఒకే ఎత్తు ఉండేలా చూసుకోవాలి. లేకపోతే ముందు, వెనక యాక్సిళ్ళు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. సైజు మారిస్తే స్టెపినీ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ట్రాలీ కింద వేలాడుతూ కంటికి కనపడదు కాబట్టి అది ఎవరికీ గుర్తుండదు.

“బటన్లు పెద్దవి, వానలో జారదు”

ఏటీ టైరు మీద ఉన్న గుడ్డినమ్మకాల్లో ప్రమాదకరమైనది ఇదే. మట్టిని పట్టుకోవడానికి బటన్ల మధ్య ఖాళీ వదిలారు, అంటే రోడ్డును తాకే రబ్బరు తగ్గినట్టే. తడి తారు మీద బ్రేకు వేస్తే మంచి రోడ్డు టైరు కంటే ఏటీ టైరు సాధారణంగా కాస్త ఎక్కువ దూరం పోయే ఆగుతుంది. ఫోర్ బై ఫోర్ వేసినా బ్రేకు దూరం తగ్గదు. పైగా తయారీలో పూసిన జారుడు పదార్థం కొత్త టైరు మీద ఇంకా ఉంటుంది, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగానే పోవాలి. వరిమడి బురదలో ఏటీ టైరు కొద్దిసేపట్లోనే నున్నటి చక్రం అయిపోతుంది, అది మడ్ టైరు పని.

ఇక వానాకాలం నల్లరేగడి బాటలో తిరిగొచ్చాక హైవే ఎక్కగానే స్టీరింగ్ వణికితే, బ్యాలెన్సింగ్‌కు డబ్బులు కట్టకముందు నీళ్ళ పైపు పట్టుకుని రిమ్ము లోపలి పక్క కడగండి. అక్కడ ఎండిన మట్టి గడ్డ అంటించిన వెయిట్ల కంటే ఎన్నో రెట్లు బరువుంటుంది.