సముద్రం నాలుగా, ఏడా? పావులూరి మల్లన చెప్పిన పెద్ద సంఖ్య

మంచేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో కన్నడం. అక్కడి విద్యార్థులకు పాత తెలుగు పద్యమంటే పురాణమో శతకమో గుర్తుకు రావడం సహజం. కాని గణితమూ పద్యాల్లో ఉంది. కన్నడ దేశాన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. దానిని 11వ శతాబ్దిలో తెనిగించినవాడు పావులూరి మల్లన.

మల్లన చెప్పిన ఒక చంపకమాల చదరంగపు గడుల లెక్కను గురించినది. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇలా 64 గడుల దాకా రెట్టిస్తే మొత్తమెంత? 64 రెండ్లను గుణించగా వచ్చినదానికి ఒకటి తక్కువ: 1,84,46,74,40,73,70,95,51,615. ఆ ప్రాంతపు పంట కనుక రాగిగింజలే అనుకుందాం. వెయ్యి గింజలు రెండున్నర గ్రాములు తూగితే, ఇవి సుమారు 4,600 కోట్ల టన్నులు!

ఇరవై అంకెలనూ మల్లన భూతసంఖ్యలతో చెప్పాడు. చంద్రుడు 1, వేదాలు 4, బాణాలు 5, కొండలు 7, ఏనుగులు 8, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు పోవాలి. చిక్కల్లా ఇక్కడే. పద్యంలో సముద్రవాచకాలు రెండున్నాయి: అబ్ధి, పయోనిధి. సప్తసముద్రాలని విని పెరిగినవారు 7 వేస్తారు. గణితకవుల సంప్రదాయంలో సముద్రం 4. రంధ్రమంటే సున్న అనిపిస్తుంది. శరీరంలోని నవరంధ్రాలను బట్టి అది 9.

మనం సరిగా చదివామో లేదో ఎలా తెలుస్తుంది? రెండును రెట్టిస్తూ 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1, మళ్ళీ ఇవే. 64ను 6తో భాగిస్తే 4 మిగులుతుంది కనుక నాలుగవ శేషం 7 తీసుకోవాలి. ఒకటి తగ్గిస్తే 6. ఇక సంఖ్యలోని అంకెలు కూడితే 87; 8, 7 కలిపి 15; 1, 5 కలిపి 6. సరిపోయింది. ఒక సముద్రాన్ని 7గా చదివితే మొత్తం 90, శేషం సున్న. రెండింటినీ అలాగే చదివితే 93, శేషం 3. రెండు తప్పులూ బయటపడతాయి.

రంధ్రాన్ని సున్న చేస్తే మాత్రం ఈ పరీక్ష పట్టదు, 9 పోయినా శేషం మారదు గదా. అప్పుడు 11తో చూడాలి. కుడినుంచి బేసి స్థానాల మొత్తం 62, సరి స్థానాలది 25, తేడా 37. 11తో భాగిస్తే శేషం 4. రావలసినదీ 4 (రెండు రెట్టింపుల శేషాలు 11కు పదింటికొకసారి తిరిగివస్తాయి, నాలుగవది 5, ఒకటి తగ్గిస్తే 4). సున్న వేస్తే తేడా 28, శేషం 6.

ఒకటి విడిచి ఒకటి ఉన్న పదాలు రెండు తారుమారైతే ఈ పరీక్షలు రెండూ పట్టలేవు. అక్కడ గణాలు, యతిప్రాసలు చూసుకోవాలి.