సుడిగాలి విడిచిన జాడలు: నష్టమును పరిశీలించు విధము

ప్రకృతి వైపరీత్యము గడచిన మరునాటి ఉదయమున ఊరిలో రెండు పనులు మిగిలియుండును. ప్రాణములను కాపాడుట మొదటిది. ఏమి పోయినది, ఎందువలన పోయినది అని తెలిసికొనుట రెండవది. మొదటి దాని అవసరమును ఎవరును చెప్పనక్కరలేదు. రెండవ దానిని మాత్రము మనము తరచుగా పట్టికలు నింపుటతో సరిపెట్టుదుము. సరిగా చేసిన పరిశీలన తరువాతి ప్రమాదములో ప్రాణములను కాపాడగలదు. అమెరికా దేశములోని ఒక చిన్న పట్టణపు అనుభవము ఈ విషయమును చక్కగా తెలుపుచున్నది.

గ్రీన్స్‌బర్గ్‌కు వచ్చిన ఆపద

కాన్సాస్ రాష్ట్రములో గోధుమ పొలముల నడుమ గ్రీన్స్‌బర్గ్ అను పట్టణము కలదు. 2000 సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము అచట నివసించినవారు 1,574 మంది. మన గ్రామ పంచాయతీలలో ఇంతకంటె పెద్దవి ఎన్నో యున్నవి. మనుష్యులు చేతులతో త్రవ్విన 109 అడుగుల లోతుగల బావి ఆ ఊరికి పేరు తెచ్చినది.

2007 మే 4వ తేదీ రాత్రి సుమారు 9-45 గంటలకు ఆ ఊరిపై భయంకరమైన సుడిగాలి విరుచుకొనిపడినది. దాని వెడల్పు సుమారు 2.7 కిలోమీటర్లు, ఊరంతయు దాని దారిలోనే చిక్కుకొనినది. కట్టడములలో నూటికి 95 వంతులు నాశనమైనవి. 11 మంది మరణించిరి. అంతటి విధ్వంసములో మరణములు ఇంతటితో ఆగుటకు కారణము కలదు. గాలి రాకకు సుమారు 20 నిమిషములు ముందుగనే హెచ్చరిక సైరన్లు మ్రోగినవి. జనులు నేలమాళిగలలోనికి దిగి తలదాచుకొనిరి.

ఇది తుఫాను కాదు

మన తీరవాసులు ఎరిగిన తుఫాను సముద్రముపై పుట్టి, వందల కిలోమీటర్లు వ్యాపించి, దినముల తరబడి నిలుచును. టోర్నడో అనబడు సుడిగాలి అట్టిది కాదు. అది ఉరుముల మేఘము నుండి నేలవరకు దిగిన గాలిస్తంభము. కొన్ని నిమిషములలోనో, గంట సేపటిలోనో దాని ఆయుష్షు తీరిపోవును. వేసవిలో మన పొలములలో దుమ్మును, ఆకులను లేపు చిన్న సుడిగాలికిని దీనికిని పోలికయే లేదు. ఇట్టివి అమెరికాలో ఎక్కువయైనను, మన ఖండమునకు క్రొత్తవి కావు. 1989 ఏప్రిల్ 26వ తేదీన బంగ్లాదేశ్‌లో వచ్చిన సుడిగాలి వలన సుమారు 1,300 మంది మరణించిరి.

కూలిన గోడయే కొలబద్ద

సుడిగాలి వేగమును కొలుచు సాధనము సరిగా దాని దారిలో ఉండుట అరుదు. ఉన్నను అది నిలుచుట కష్టము. కావున గాలి వెళ్లిన తరువాత, అది చేసిన నష్టమును చూచియే దాని వేగమును అంచనా వేయుదురు. జపానులో జన్మించి చికాగో విశ్వవిద్యాలయములో పనిచేసిన ఫుజిటా అను శాస్త్రవేత్త 1971లో ఇందులకొక కొలమానమును ఏర్పరచెను. 1945లో అణుబాంబు పడిన తావులను ఆయన పరిశీలించియుండెను. పడియున్న చెట్లను, కట్టడములను చూచి, కానరాని గాలి నడకను గ్రహించు నేర్పు ఆయనకు అచటనే అలవడినది.

ఆ కొలమానమును సవరించి 2007 ఫిబ్రవరి 1వ తేదీ నుండి అమలులోనికి తెచ్చిరి. ఇందు సున్న మొదలు ఐదు వరకు ఆరు తరగతులు కలవు. సున్న తరగతి గంటకు 105 కిలోమీటర్ల వేగముతో ప్రారంభమగును. ఐదవ తరగతి 322 కిలోమీటర్లు మించినది. ఇండ్లు, బడులు, కొట్టములు, చెట్లు మొదలుగా 28 విధముల గుర్తులను పరిశీలకులు చూతురు. సాధారణ గృహమునకు పది నష్టస్థాయిలు నిర్ణయింపబడినవి. గోడలు నిలిచి పైకప్పులో పెద్దభాగము ఎగిరిపోయినచో వేగము గంటకు సుమారు 196 కిలోమీటర్లని అంచనా. చక్కగా కట్టిన ఇల్లు పునాది మాత్రమే మిగులునట్లు కొట్టుకొనిపోయినచో అది సుమారు 322 కిలోమీటర్లగును.

పరిశీలకులు అడుగునది

పరిశీలకులు నష్టము మొదలైన చోటు నుండి ముగిసిన చోటు వరకు నడచి, దారి పొడవును, వెడల్పును గుర్తింతురు. ఛాయాచిత్రములు తీయుదురు. ఏ వేళకు ఏమి జరిగినదని నివాసులను అడుగుదురు. చెట్లు ఏ దిక్కునకు పడినవో చూతురు. చెట్లు ఒక గీత వైపునకు మొగ్గి, సుడి తిరిగినట్లు పడియున్నచో అది సుడిగాలి. ఒక చోటు నుండి నలుదెసలకు విప్పారినట్లు పడియున్నచో, మేఘము నుండి హఠాత్తుగా క్రిందికి దిగి చెదరిన ఈదురుగాలి.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న వేరొకటి కలదు. ఇల్లు దేనితో నేలకు బిగింపబడినది? అమెరికాలో ఇండ్లు పెక్కు కొయ్యతో కట్టినవి. గోడ క్రింది దూలమును పునాదికి బోల్టులతో బిగించిరా, మేకులు మాత్రమే కొట్టిరా అని పరిశీలకులు వంగి చూతురు. మేకులే ఉన్నచో, ఇల్లు పూర్తిగా కొట్టుకొనిపోయినను గాలి అత్యంత తీవ్రమైనదని వ్రాయరు. కట్టుబడి బలహీనమని వ్రాయుదురు.

గ్రీన్స్‌బర్గ్‌లో గాలివేగము గంటకు సుమారు 330 కిలోమీటర్లని నిర్ణయించిరి. క్రొత్త కొలమానమున ఐదవ తరగతి పొందిన మొదటి సుడిగాలి అదియే. అయినను ఐదవ తరగతి నష్టము కనబడినవి కొద్ది ఇండ్లు మాత్రమే. ఎన్నో ఇండ్లు అంతకంటె తక్కువ గాలికే కూలినవి. ఊరంతయు నేలమట్టమైనను, ధాన్యము నిలువచేయు ఎత్తైన కట్టడమును, న్యాయస్థాన భవనమును నిలిచియే యుండెను. విధి ఒక్కటే కారణము కాదని, కట్టుబడియు కారణమేనని దీనివలన తెలియుచున్నది. పట్టణమును తిరిగి నిర్మించుకొనిరి. కాని వెడలినవారందరును మరలి రాలేదు. 2010 జనాభా లెక్కలలో అచటివారు 777 మంది మాత్రమే.

మన పంచాయతీలకు పాఠము

తుఫాను గాని, వేసవి ఈదురుగాలి గాని వచ్చినపుడు మనమును ఈ పద్ధతిని అనుసరింపవచ్చును. ముందుగా క్షతగాత్రులను, తెగిన విద్యుత్తు తీగలను చూడవలెను. శిథిలములను తొలగింపక మునుపే ప్రతి ఇంటికి ఛాయాచిత్రము తీయించవలెను. ఒకసారి ఎత్తివేసిన రేకు మరల సాక్ష్యము చెప్పదు. "ఇల్లు పడినది" అని మాత్రమే వ్రాయక, పైకప్పు పోయినదా, గోడ పోయినదా, రేకులను హుక్కులతో బిగించిరా, రాళ్లు మాత్రమే పెట్టిరా అని వ్రాయవలెను. నిలిచిన ఇండ్లను గూర్చియు వ్రాయవలెను. అవి ఏల నిలిచినవో చెప్పునవి అవియే. అద్దెకున్నవారిని, ఊరిచివర గుడిసెలవారిని మరువరాదు. జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపించినచో, లేని నష్టము చేరదు. ఉన్న నష్టము జారిపోదు.

గాలిని ఆపుట మన చేతిలో లేదు. పడిన గోడ చెప్పిన మాటను విని, తరువాతి గోడను గట్టిగా కట్టుట మన చేతిలోనే యున్నది.