శబరి నీదగల బాలుని ఆంగ్లము

బస్తరు సీమకును తెలుగునేలకును గల సంబంధము నేటిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశజుడగు అన్నమదేవుడు ఈ యరణ్యములకు వచ్చి రాజ్యము నెలకొల్పెనని ఆ రాజవంశపు సంప్రదాయము చెప్పుచున్నది. నేటికిని శబరి యొడ్డునగల కుంటలోను, ఇంద్రావతికి చేరువనున్న భోపాలపట్నములోను తెలుగు ఇంటిభాషగా నిలిచియున్నది.

అట్టి యింటి బాలుడు బడిలో హిందీ చదివి, దాని మీదుగా ఆంగ్లమును చేరును. అతడు తడబడు తావులలో శక్తిని దెలుపు సహాయక్రియల ప్రకరణ మొకటి. వర్తమానమునకు క్యాన్, భూతమునకు కుడ్ అని పట్టిక వ్రాయించి వల్లె వేయించుట మన బడులలో పరిపాటి. ఆ పట్టికను నమ్మినవాడు, నిన్న వరదలో నది దాటగలిగితినని చెప్పదలచి, ఐ కుడ్ క్రాస్ అని వ్రాయును; అది దోషము. ఈ దోషమునకు కారణము పట్టికయే గాని బాలుని బుద్ధిమాంద్యము కాదని నా నిశ్చయము. ఏలయన ఆంగ్లము కోరు భేదము అతని తల్లిభాషలో ముందే స్పష్టముగా నున్నది.

"చిన్నతనమున శబరిని ఈదగలిగెడివాడను" అని యొకడు పలికినప్పుడు, బహుకాలము తనయందు నిలిచియుండిన శక్తిని తెలుపుచున్నాడు. దానికి కుడ్ తగును. "నిన్న వరద యుద్ధృతముగా నున్నను ఈదగలిగితిని" అన్నప్పుడో, ఒక్క తరుణమున ఫలించిన యత్నమును చెప్పుచున్నాడు. అచట ఆంగ్లేయుడు వజ్ ఏబుల్ టు అనును, లేదా మేనేజ్డ్ టు అనును. నిషేధమున ఈ భేదము కరగిపోవును: ఈదలేకపోతినని చెప్పుటకు ఉభయత్ర కుడ్ నాట్ చాలును. చూచుట, వినుట మొదలగు ఇంద్రియవ్యాపారములందును సడలింపు కలదు. చిత్రకోట కడ ఇంద్రావతి దుముకు ఘోష దూరమునుండియే తనకు వినవచ్చెనని చెప్పువాడు, అది ఒక్కనాటి యనుభవమైనను, ఐ కుడ్ హియర్ అనవచ్చును. శక్తి యుండియు ఈదక విడిచితినన్నచో కుడ్ హావ్ స్వమ్ అనవలెను.

భవిష్యత్తున చిక్కు వేఱు. ప్రాచీనాంగ్లమున 'ఎఱుగుట' అను నర్థముగల క్రియనుండి పుట్టిన క్యాన్, నేడు మూలరూపము లేనిదగుటచే, విల్ ప్రక్కన నిలువజాలదు. కావున విల్ బీ ఏబుల్ టు అని వేఱొక మాటను సాయము పిలుచుకొనవలసి వచ్చినది. ఇచటను తెలుగు దారి చూపుచున్నది. ఇప్పుడున్న శక్తితోనే చేయు ఱేపటి పనికి "ఱేపు రాగలను" అందుము. అది ఐ క్యాన్ కమ్. ఇంకను అలవడని శక్తినిగూర్చి "వచ్చు ఏటికి ఆంగ్లము చదువగలుగుదును" అందుము. నేటి వాడుకలో చదవగలుగుతాను. విల్ బీ ఏబుల్ టు అనునది దీని స్థానమే.

కుంట, భోపాలపట్నముల పాఠశాలలలో ఈ పాఠము చెప్పువారు తెలుగెఱిగినవారైనచో, పట్టికకు ముందు ఈ వాక్యములనే బాలునిచేత పలికింపవలెను. తెలుగెఱుగని యుపాధ్యాయుడు హిందీలోని తైర్ సక్తా థా, తైర్ సకా అను రూపములను ప్రక్కప్రక్కన వ్రాసి చూపవచ్చును; ఆ భాషయందును భూతకాలమున ఇదే విభజన కలదు.