క్రైస్తవ కీర్తనలు: తెలుగు నడక

క్రైస్తవ దేవాలయములందు వినవచ్చు తెలుగుపాటలు రెండు తెగలు. ఇంగ్లీషు బాణీకి తెలుగుమాటలు కూర్చినవి కొన్ని. రాగతాళములతో తెలుగుననే పుట్టినవి కొన్ని. భక్తిలో రెండింటికిని భేదము లేదు. చెవికి మాత్రము గొప్ప భేదము కలదు. దానికి కారణమేమో, రెండవ తెగ కీర్తనలు రచించినవారు సాధించినదేమో ఈ పూట శ్రోతలకు మనవి చేయుదును.

ఇంగ్లీషు పద్యమునకు ఊనిక ప్రాణము. ఐజక్ వాట్స్ (1674–1748) మొదలగువారు విరివిగా వాడిన వృత్తమొకటి కలదు. మొదటి పాదమున ఎనిమిది యక్షరములు, రెండవదానియందు ఆరు, మరల ఎనిమిది, మరల ఆరు. ఒక యక్షరమును తేలికగా పలికి తరువాతిదానిని నొక్కుట దాని నడక. మన ఛందస్సునకు నొక్కుడుతో పని లేదు, గురులఘువులే లెక్క. కావున నొక్కవలసిన చోట తెలుగు లఘువు పడినచో పాడువాడు దానిని సాగదీయక తప్పదు. 'కరుణ' 'కరూణ' యగును. ఇది వికారము మాత్రమే. ఇంతకంటె చెరుపు కలదు. 'కడు దయాళుడు' అన్నచోట మొదటి యక్షరము సాగినచో 'కాడు దయాళుడు' అని వినవచ్చును. మిక్కిలి దయగలవాడు క్షణములో దయ లేనివాడైపోయెను! ఈ యుదాహరణము నేను కల్పించినదే. కాని పెక్కేండ్లు బడిలో గురులఘువులు చెప్పిన చెవి గనుక ఇట్టివి తగులుచునే యుండును.

మన సంగీతమున మాత్రము హ్రస్వము సాగదా యని మీరడుగవచ్చును. సాగును. కాని రాగతాళములలోనే పాటను ఊహించి వ్రాయువాడు ఎచ్చట సాగినను అర్థము చెడదో యెరిగి మాట పెట్టును.

అట్లు వ్రాసినవారిలో పురుషోత్తమ చౌదరిగారు అగ్రగణ్యులు. వారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున, వంగదేశీయ బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ఆ ప్రాంతము 1936లో ఒరిస్సా రాష్ట్రమున చేరినది గాని వారి కీర్తనలు తెలుగువారి సొత్తే. 1833లో బాప్తిస్మము పొందిరి. ఆ కాలమున బ్రాహ్మణుడు మతము మారుట యనగా కులమును, పంక్తిభోజనమును, బంధువులను ఒక్కపెట్టున కోలుపోవుట. అట్టి యడుగు వేసినవారు తాము నేర్చిన విద్యను మాత్రము విడువలేదు. పల్లవి, చరణములు, ద్వితీయాక్షర ప్రాస, సంస్కృత సమాసముల బిగువు, అన్నింటిని క్రొత్త దైవము సన్నిధికి తీసికొనిపోయిరి. నూటికి పైగా కీర్తనలు రచించిరి. వానిలో పెక్కులు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమున నున్నవి.

ప్రాసను వట్టి యలంకారమని తలంపరాదు. నాటి సంఘములలో చదువురానివారే యెక్కువ. పుస్తకము లేక పాడవలసినవారికి ప్రాస తరువాతి పాదమును అందించు కొక్కెము. చరణము తెలిసినవాడొక్కడున్న చాలును, పల్లవి యందరిదియు.

'క్రీస్తునాథుడు' వంటి మాటలను చూచి, పరభాషాపదమునకు సంస్కృతపదమును జోడించుట వైరిసమాసమని ముక్కు విరుచు పండితులు కలరు. నేను విరువను. పూజలో నలిగిన పేరు పరభాషాపదమెట్లగును? 'క్రీస్తు' ఉకారాంతమై, మన విభక్తులన్నింటిని ధరించి, 'గురునాథుడు' వలెనే నాలుకకు ఒదిగినది. వ్యాకరణము కొంచెము జరిగి చోటియ్యవలసినదే.

ఈ మార్గము తెలుగుననే గాదు. తంజావూరి వేదనాయక శాస్త్రిగారు (1774–1864) అరవమున 'బేత్లెహేం కురవంజి' రచించిరి. మన కొరవంజివంటి రూపమునకు క్రైస్తవ కథ ప్రాణమైనది. మహారాష్ట్రమున నారాయణ వామన తిలకుగారు 1895లో క్రైస్తవులై, తుకారాము నడచిన అభంగముల బాటనే పట్టిరి. వారు ఆరంభించి 1919లో విడిచిపోయిన 'క్రిస్తాయన' కావ్యమును భార్య లక్ష్మీబాయి పూర్తిచేసినది. ఆ ఇల్లాలి కథ వేరొక ప్రసంగమునకు తగినది.

ఇక నొక చిక్కు కలదు. మన ముద్రిత పుస్తకములలో కీర్తనపై రాగము పేరు, తాళము పేరు మాత్రముండును, స్వరముండదు. రాగము పేరు చూచి బాణీ పట్టుట, ఊరి పేరు చూచి ఇల్లు వెదకుట వంటిది. అందుచేత ఒకే కీర్తన ఒక యూర నొక తీరున, వేరొక యూర వేరొక తీరున వినబడును. ఏది మొదటిదో చెప్పువారెవరు? చౌదరిగారు 1890లో గతించిరి. మన దేశమున గ్రామఫోను పలకలపై పాట లెక్కించుట 1902లో మొదలైనది. నడుమ పండ్రెండేండ్లు. ఆయన కంఠమున ఆ కీర్తన లెట్లు పలికెనో వినుటకు మార్గము లేదు. పల్లెలలో పాత బాణీలు పాడు వృద్ధుల యొద్ద కూర్చుండి, వారు పాడినది పాడినట్లు స్వరపరచి వ్రాసికొనుటకు మార్గము కలదు, వారున్నంతవరకు.