ఉన్నత తరగతులలో చరిత్ర విద్య

పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటి సాయంకాలము మా అమ్మాయి తాను ఇంటర్మీడియటులో చరిత్ర, అర్థశాస్త్రము, పౌరశాస్త్రము తీసికొందునని చెప్పినది. పొరుగింటి వదినగారు ఆ మాట విని ముక్కున వ్రేలు వేసికొనిరి. “వదినా! మన పాశమైలారమున ఎటు చూచినను కర్మాగారములే గదా! తక్కిన పిల్లలందఱు లెక్కలో, రసాయనశాస్త్రమో చదువుచుండగా, గతించిన రాజుల పేరులు వల్లించి ఈ పిల్ల ఏమి సాధించును?” అని అడిగిరి. మేమును వెంటనే బదులు చెప్పలేకపోయితిమి.

మేము బడిలో చదివినవారము కాము. మా నాయనగారి యొద్ద భారత భాగవతములను, ప్రబంధములను చదువుకొంటిమి. కావున చరిత్ర యనగా పెద్దలు చెప్పినది శ్రద్ధగా విని, మఱవక, తిరిగి యొప్పగించుటయే యని తలంచుచుంటిమి. ఉపాధ్యాయులైన మా వారు ఈ భ్రమను పోగొట్టిరి. పదవ తరగతి వఱకు ఒప్పగించుటతో కొంత నెగ్గవచ్చును. ఆపై చరిత్రలో “ఏమి జరిగెను?” అను ప్రశ్నతోపాటు “జరిగినదని మన కెట్లు తెలియును?” అను ప్రశ్నయు నుండును. ఈ సంగతి ముందుగా నెఱుగక చేరిన పిల్లలు కొలది నెలలలోనే దిగులుపడుదురు.

వారు ఎదురుచూడవలసినవి మూడు. మొదటిది, చదువవలసిన పుటలు పెరుగును. రెండవది, ఒకే సంగతిని ఇద్దఱు రెండు విధములుగా చెప్పుట కానవచ్చును. ఎవరి మాట యెంతవఱకు నమ్మదగినదో తామే తూచవలెను. మూడవది, తమ నిర్ణయమును కారణములతో వ్రాసి చూపవలెను. తారీకులు అక్కఱలేదని కాదు. దండెము లేక బట్టలారవేయలేనట్లే, తారీకులు లేక సంగతులను వరుసగా నిలుపలేము. అయినను దండెమే వస్త్రము కాదు గదా!

మా ఆడపడుచు కుమార్తె అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అను ఉన్నత తరగతిలో చరిత్ర చదువుచున్నది. అచటి పరీక్షలో 7 పత్రములను చేతికిచ్చి, వానిని ఆధారముగా గొని ఒక వ్యాసము వ్రాయుమందురు. గడువు 60 నిమిషములు. మొత్తము మార్కులలో నాలుగవ వంతు ఈ యొక్క వ్యాసమునకే. అమెరికా చరిత్ర పరీక్షలో ఈ పద్ధతి 1973లో ప్రవేశించినది. మన దేశమున సి.బి.ఎస్.ఇ. వారి 12వ తరగతి చరిత్రలోను మూలగ్రంథముల ఖండికలనిచ్చి ప్రశ్నించుట, పటములో స్థలములు గుర్తింపించుట, ప్రాజెక్టు చేయించుట కలవు.

ఈ విద్య యెందులకో మాకు స్పష్టముగా బోధపడినది మా యూరి దుఃఖము వలననే. 2025 జూన్ 30న మా పారిశ్రామికవాడలో ఒక కర్మాగారమున ఘోరమైన ప్రేలుడు సంభవించెను. మృతుల సంఖ్య నానాటికి పెరిగి నలుబది దాటెను. మా వారు ఆ దినముల పత్రికలను వరుసగా పఱచి, మా అమ్మాయిని, ఆమె స్నేహితురాండ్రను కూర్చుండబెట్టి, “ఈ సంఖ్యలు ఏల మాఱినవి?” అని యడిగిరి. మొదట ఒక పిల్ల “పత్రికలవారు అబద్ధమాడిరి” అనినది. మెల్లగా చదువగా శిథిలముల క్రింద చిక్కినవారి సంగతియు, ఆసుపత్రులలో తరువాత మరణించినవారి సంగతియు, డి.ఎన్.ఏ. పరీక్ష చేసిన గాని గుర్తుపట్టలేని దేహముల సంగతియు తెలిసినవి. నాటి వార్త నాటికి తెలిసినంతయే చెప్పునని వారు గ్రహించిరి. అంతట మా అమ్మాయి, “బిహారు, ఒడిశాల నుండి వచ్చినవారి తల్లులు చెప్పిన మాటలు వీనిలో ఎక్కడ నున్నవి?” అనినది. మాకు నోట మాట రాలేదు. చరిత్ర చదువదగిన పిల్ల యని ఆ క్షణముననే నిశ్చయించుకొంటిమి.

సోదరీమణులారా! ఆ ప్రశ్న మన స్త్రీలకు క్రొత్తది కాదు. ఇంటనే చదువుకొన్న భండారు అచ్చమాంబగారు స్త్రీల చరిత్రలను సేకరించి “అబలా సచ్చరిత్ర రత్నమాల”ను 1901లో వెలువరించిరి. తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే విని, స్త్రీశక్తి సంఘటన వారు 1986లో “మనకు తెలియని మన చరిత్ర”గా ప్రకటించిరి. అడిగి వ్రాసికొనువారు లేకున్న ఆ మాటలెన్నియో ఆ తల్లులతోనే పోయెడివి.

తల్లులుగా మనము చేయదగిన సాయము కలదు. పిల్ల పాఠము చదివిన పిదప “ఇది ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి?” అని యడుగుడు. అమ్మమ్మను, నాయనమ్మను కూర్చుండబెట్టి, వారు పెండ్లియై వచ్చిననాడు ఊరెట్లుండెనో, ఏ పొలములో ఏమి పండెనో వ్రాసికొమ్మనుడు. పాత పట్టా కాగితములను, ఉత్తరములను చెత్తతో పాఱవేయకుడు. వారమునకొకసారి ఒక పుట సొంతముగా వ్రాయింపుడు. మార్కులు మొదట తగ్గినను కసరకుడు. ఒప్పగించుటకు అలవడిన బుద్ధి, తూచుటకు అలవడుటకు కొంత కాలము పట్టును.

ఉద్యోగము మాటయా? న్యాయశాస్త్రమునకు, బోధనకు, పత్రికారచనకు, పురావస్తు శాఖకు, గ్రూపు పరీక్షలకు ఈ చదువు దారితీయును. ఇంజనీరింగువలె నాలుగేండ్లలో జీతము వచ్చునని మాత్రము మేము చెప్పజాలము. ఇంటి పరిస్థితిని చూచికొనియే నిర్ణయింపవలెను. పనికిరాని చదువని మాత్రము పిల్లను వెనుకకు లాగకుడు.

పొరుగింటి వదినగారికి ఇదంతయు చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. మరునాడు తమ అత్తగారి కాలపు భూమి కాగితముల కట్ట యొకటి తెచ్చి, “మీ అమ్మాయిని దీనిని చదివి చెప్పుమనుము, వదినా!” అనిరి.